మీ సాక్ష్యాన్ని ఫోన్‌లో ఎలా చెప్పాలి

చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి, దేవుడు తన జీవితంలో ఏం చేశాడో చెప్పి (దాన్నే మేం సాక్ష్యం అంటాం) రెండు నిమిషాల్లో అందరి చేతా కళ్ళనీళ్ళు పెట్టించే మనిషి, అదే సాక్ష్యాన్ని ఫేస్‌బుక్‌లో రాయమంటే మాత్రం "మహోన్నతుడును మహాఘనుడునైన దేవాది దేవునికి స్తోత్రములు" అని మొదలుపెట్టి నాలుగు పేరాలు రాస్తారు. ఆ నాలుగు పేరాల్లో ఆ మనిషీ కనపడడు, ఆ మనిషి ఇల్లూ కనపడదు. మాది ఒంగోలు పక్కన పల్లె. సండే స్కూల్లో పిల్లలకి చెబుతాను, కొన్నేళ్ల నుంచి సంఘంలో వాళ్ల సాక్ష్యాలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టే పని కూడా నేనే చూస్తున్నాను. కొన్ని బాగా వచ్చాయి, కొన్ని పెట్టాక తీసేయాల్సి వచ్చింది, ఒకటి మా ఇంట్లోనే గాయం చేసింది, ఆ సంగతి కింద చెబుతాను. మొదటిసారి పెట్టబోయే వాళ్ల కోసం, ఏది ముందు ఏది తర్వాత అనేది నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

ముందు కాగితం తీయండి

ఫోన్ పక్కన పెట్టండి. పిల్లల నోటుపుస్తకంలో ఒక పేజీ చాలు. మీ జీవితమంతా చెప్పాలనుకోవద్దు, ఒక్క సంగతి ఎంచుకోండి. అప్పు తీరిన సంగతా, తాగుడు మానిన సంగతా, బిడ్డ పోయాక మళ్లీ మందిరానికి రాగలిగిన సంగతా, ఏదో ఒకటే. దాని కింద మూడు ముక్కలు రాసుకోండి: అంతకు ముందు ఎట్లా ఉన్నాను, ఏ రోజు ఏం జరిగింది, ఆ తర్వాత ఎట్లా ఉన్నాను. బైబిల్లో అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయం తీసి చూడండి, పౌలు అగ్రిప్ప రాజు ముందు నిలబడి చెప్పింది ఈ వరసలోనే. ముందు తను సంఘాన్ని హింసించిన సంగతి, తర్వాత దమస్కు దారిలో మధ్యాహ్నం కనపడిన వెలుగు, ఆ తర్వాత తను చేసిన పని. సంకెళ్ళతో ఉన్న మనిషి కూడా తన పాత తప్పులు దాచకుండా వరసగా చెప్పాడు.

ఇప్పుడు ఆ పేజీలో "దేవుడు నా జీవితంలో గొప్ప కార్యాలు చేశాడు" అని ఎక్కడన్నా రాసి ఉంటే అది కొట్టేసి, ఆ కార్యం ఏంటో రాయండి. మా సంఘంలో ఒక పిన్ని మొదట అట్లాగే రాసుకొచ్చింది. ఏం కార్యం పిన్నీ అని అడుగుతా పోతే అప్పుడు బయటికొచ్చింది: పెద్దమ్మాయికి పరీక్ష ఫీజు కట్టడానికి ఆ రోజే ఆఖరి రోజు, ఇంట్లో ఉన్న డబ్బంతా మంచం మీద పోసి లెక్కపెడితే సగం కూడా కాలేదు, మోకాళ్ళ మీద కూర్చుంది గానీ ప్రార్థన నోటికి రాలేదు, ఊరికే ఏడ్చింది, పదకొండింటికి ఎప్పుడో కుట్టిచ్చిన జాకెట్ల బాకీ ఇవ్వడానికి ఎదురింటి ఆమె తలుపు కొట్టింది. "ప్రార్థన నోటికి రాలేదు" అన్న ఆ మాట దగ్గర నేను పెన్ను ఆపేశాను. అది ఆమె సొంత మాట, ఇంకొకరు చెప్పలేరు. మీ పేజీలో కూడా అట్లాంటిది ఒకటి వచ్చేదాకా తవ్వండి, దానికి రెండు మూడు రోజులు పట్టినా పర్వాలేదు.

తెలియని దాన్ని తెలిసినట్టు రాయొద్దు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడు ఉన్నాడు చూడండి, సాక్ష్యం చెప్పడం అతని దగ్గర నేర్చుకోవాలి అనేది నా నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్ళు నీ కళ్ళు ఎట్లా తెరవబడ్డాయి అని అడిగితే, ఆయన బురద చేసి నా కళ్ళ మీద పూశాడు, సిలోయములో కడుక్కోమన్నాడు, వెళ్లి కడుక్కున్నాను, చూపొచ్చింది అన్నాడు. ఆయన ఎక్కడ ఉన్నాడు అంటే తెలియదు అన్నాడు. ఆయన పాపి కదా అని పరిసయ్యులనే మతపెద్దలు గుచ్చి గుచ్చి అడిగితే, అది నేనెరుగను, ఒకటి మాత్రం ఎరుగుదును, గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. అంతే. బురద సంగతి కూడా దాచలేదు. మీకు కల వస్తే కల అని రాయండి, స్వరం విన్నట్టు అనిపిస్తే అనిపించింది అని రాయండి, ఎందుకు జరిగిందో తెలియకపోతే తెలియదనే రాయండి. చదివే వాళ్లకి మీ మీద నమ్మకం కుదిరేది ఆ "తెలియదు" దగ్గరే.

మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే

బైబిలు భాష మనకి ప్రాణం, నేనూ ఆ భాషలోనే ప్రార్థన చేస్తాను. కానీ సాక్ష్యం వినే వాళ్ళల్లో మందిరం మెట్టు ఎక్కని వాళ్ళు కూడా ఉంటారు, మీ ఆడపడుచు ఉంటుంది, మీ పక్క పొలం రైతు ఉంటాడు. "మారుమనస్సు", "రక్షణ", "అభిషేకం", "శోధన" అనే మాటలు వాళ్లకి ఆ అర్థంలో తెలియవు. రక్షణ పొందాను అని రాస్తే పక్కనే ఆ రోజు మీకు ఏం మారిందో ఒక్క ముక్క రాయండి. టైపు చేయడం రాకపోతే కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి, అదే రాసుకుంటుంది, తర్వాత తప్పులు దిద్దుకోవచ్చు. ఎట్టుండావు, ఏందబ్బా అనే మన యాస వస్తే రానివ్వండి.

మన ప్రాంతంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఎర్రగుంట్ల పేరయ్య చదువు లేని మనిషి, తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఊరు తాళ్ళకొండపాడు. 1866లో ఒంగోలు వచ్చి తనూ భార్యా బాప్తిస్మం తీసుకుని, తిరిగి ఊరికి వెళ్లి సొంత చుట్టాలకీ వ్యాపారంలో తెలిసిన వాళ్లకీ తనకి జరిగింది తన భాషలో చెప్పుకుంటా తిరిగాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర తర్వాతి జనవరిలో అక్కడికి వెళ్లేసరికి వినడానికి జనం సిద్ధంగా ఉన్నారు, ఆ విడతలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య అప్పుడు నడిచి చెప్పిన చుట్టాల గుంపు మీకు ఇప్పుడు వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూపుగా ఉంది. వాళ్లకి మీరు తెలుసు, మీ గొంతు తెలుసు, అందుకని అరువు తెచ్చుకున్న గొంతు వాళ్ళు వెంటనే పట్టేస్తారు.

జబ్బు తగ్గిన సాక్ష్యమైతే

దీని గురించి కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. ఆపరేషన్ అయితే ఆపరేషన్ అయిందని చెప్పండి. ఏ జబ్బు అని డాక్టరు చెప్పాడో, ఎన్నాళ్ళు మందులు వాడారో, ఇప్పుడు కూడా వాడుతున్నారో చెప్పండి. ఒక పెద్దాయన గుండెకి స్టెంటు వేయించుకుని వచ్చి, స్టెంటు మాట లేకుండా ప్రార్థనతోనే తగ్గింది అని చెప్పబోతుంటే నేను రికార్డింగ్ ఆపి, అయ్యా, ఆసుపత్రికి మీతో వచ్చిన మీ అన్నగారబ్బాయి ఇది చూస్తాడు కదా అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు తన వణుకు ఎట్లా ఆగిందో చెప్పాడు. దేవుడు డాక్టరు చేతిని వాడుకున్నాడని చెప్పడానికి మొహమాటం ఎందుకు, బురద సంగతి చెప్పడానికి ఆ గుడ్డివాడు మొహమాటపడలేదు.

"నేను ఇన్సులిన్ మానేశాను, మీరూ విశ్వసించండి" లాంటి మాట మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. షుగరు, బీపీ, ఫిట్స్, టీబీ మందులు వాడేవాళ్ళు ఎక్కడో కనిగిరిలోనో ఆత్మకూరులోనో ఆ వీడియో చూసి మందు ఆపేస్తే దానికి మనం దేవుని ముందు లెక్క చెప్పాలి.

ఎవరి పేరూ అడగకుండా పెట్టొద్దు

మా నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేసేవాడు. నా చిన్నప్పుడు తాగేవాడు, తర్వాత మానేశాడు. ఆ సాక్ష్యం మా అమ్మ సంఘంలో ఎన్నోసార్లు చెప్పింది, నాన్న కూడా అక్కడే కూర్చుని తలూపేవాడు, అందుకని అందరికీ తెలిసిందే కదా అనుకుని నేను ఫేస్‌బుక్‌లో రాసి ఆయన ఫోటో పెట్టాను. చాలామంది ఆమేన్ అన్నారు. రెండో రోజు టీ బంకు దగ్గర ఎవరో కుర్రాడు ఫోన్ తెచ్చి, ఇది నువ్వేనా పెదనాన్నా అని నలుగురిలో చూపించాడంట. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. కంచం పక్కకు జరిపి, నా వైపు చూడకుండా, "నా సంగతి నేను చెప్పుకుంటా గదమ్మా, నువ్వెందుకు చెప్పావు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను అప్పుడే తీసేశాను గానీ అప్పటికే ఎవరెవరో దాన్ని ఫార్వార్డ్ చేసేశారు.

మందిరంలో చెప్పింది అక్కడున్న వాళ్ళ మధ్య చెప్పింది. నెట్‌లో పెట్టేది ఊరందరి ముందు, ఎప్పటికీ ఉండేట్టు పెట్టడం. కాబట్టి మీ సాక్ష్యంలో భర్త, అత్త, కొడుకు, అప్పిచ్చినాయన ఎవరొచ్చినా వాళ్ళ ముందు కూర్చుని మొత్తం చదివి వినిపించండి. వద్దంటే ఆ భాగం తీసేయండి, అది లేకుండా సాక్ష్యం నిలబడకపోతే ఇంకొక సాక్ష్యం చెప్పండి. చనిపోయిన వాళ్ళ సంగతైతే వాళ్ళ పిల్లల్ని అడగండి. పిల్లల మీద జరిగిన అఘాయిత్యం, ఇంకొకరి హెచ్‌ఐవీ లాంటివి అసలు ముట్టుకోవద్దు, అవి బయటపెడితే చట్టప్రకారం కూడా నేరమవుతుంది.

బాప్తిస్మం ఫోటోలు ఇంకా జాగ్రత్త. గుండ్లకమ్మలోనో చెరువులోనో బాప్తిస్మాలు జరిగినప్పుడు ఉత్సాహంగా వీడియో తీసి అందరి ముఖాలతో పేర్లతో పెట్టేస్తున్నారు. నీళ్లలోంచి లేచిన ఆ అమ్మాయి ఇంట్లో ఇంకా చెప్పుకోకపోయి ఉండొచ్చు. దాంతోపాటు మన మాల మాదిగ పేటల్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటి ఉంది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకీ, తర్వాత సవరణలతో 1956 నుంచి సిక్కులకీ 1990 నుంచి బౌద్ధులకీ మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలని మన రాష్ట్రంలో బీసీ సీ కింద లెక్కిస్తారు. అది న్యాయమా కాదా అనేది వేరే పెద్ద మాట, నాకు దాని మీద బాధ ఉంది. కానీ ఆ నిర్ణయం, దాని వెనకాల వచ్చేవన్నీ మోయాల్సింది ఆ మనిషి, ఆ ఇంటివాళ్ళు. వాళ్ళ తరఫున మీ ఫోన్ నిర్ణయం తీసుకోకూడదు. వీపు వైపు నుంచి తీయండి, లేకపోతే నీళ్ళు, గట్టు, చేతులు పట్టుకున్న పాస్టరు గారు మాత్రం కనపడేట్టు తీయండి.

రికార్డు చేసేటప్పుడు

పొద్దున ఏడు, ఎనిమిది మధ్య వాకిలి వైపు ముఖం పెట్టి కూర్చుంటే వెలుతురు సరిపోతుంది, వెనకాల కిటికీ ఉంటే ముఖం నల్లగా వస్తుంది. ఫ్యాన్ ఆపండి, చెమట పట్టినా సరే, ఫ్యాన్ గోలకి మాట వినపడదు. ఫోన్‌ని బియ్యం డబ్బా మీద నిలబెట్టి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో ఫోన్ రాకుండా. ఇయర్‌ఫోన్ మైకు ఉంటే అది వాడండి. చూసి చదవొద్దు, కాగితంలో ఉన్న మూడు ముక్కలు గుర్తుపెట్టుకుని ఎదురుగా మీకు ఇష్టమైన మనిషిని ఒకర్ని కూర్చోబెట్టుకుని ఆమెకి చెప్పండి. ఏడుపొస్తే ఆగండి, నీళ్ళు తాగండి, మళ్లీ చెప్పండి. ఏడ్చిన చోటు ఉంచాలా తీసేయాలా అనేది మర్నాడు మీరే చూసి తేల్చుకోండి, ఆ రోజే పెట్టేయొద్దు. మూడు నిమిషాల లోపు ఉంటే మంచిది, యూట్యూబ్ షార్ట్స్ కూడా 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా తీసుకుంటున్నాయి. వెనకాల సినిమా పాటల్లా మోగే సంగీతం వేయకండి, ఎవరో పాడిన క్రైస్తవ పాటైనా హక్కులు వాళ్ళవి, యూట్యూబ్ పట్టుకుంటుంది. పాట కావాలంటే మీరే పాడండి.

ఎక్కడ పెట్టాలి

మొదటిసారైతే వాట్సాప్ స్టేటస్‌లో, అది కూడా మీరు ఎంచుకున్న వాళ్లకే కనపడేట్టు పెట్టండి. ఒక రోజులో అదే పోతుంది. ఎవరు ఏమన్నారో చూసుకుని, వారం తర్వాత కూడా మీకు మనశ్శాంతిగా ఉంటే అప్పుడు ఫేస్‌బుక్‌లో, పబ్లిక్‌గా పెట్టాలో స్నేహితులకే పెట్టాలో చూసుకుని పెట్టండి. ఇంటి నంబరు, పిల్లల స్కూలు యూనిఫాం మీద పేరు, బండి నంబరు కనపడుతున్నాయేమో చూడండి. వాట్సాప్‌లో పంపింది అందరికీ డిలీట్ చేయడానికి దాదాపు రెండున్నర రోజులే గడువు, అది కూడా అప్పటికే వేరేవాళ్లు ఫార్వార్డ్ చేసిన దాన్ని ఏమీ చేయలేం.

కింద ఫోన్‌పే నంబరు, క్యూఆర్ కోడ్ పెట్టకండి. సంఘానికి అవసరం ఉంటే దాని గురించి వేరేగా చెప్పుకోండి, సాక్ష్యం కింద మాత్రం వద్దు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకి తీసుకుని వేల మందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు పని నడుస్తున్నన్నాళ్లు మాకు బాప్తిస్మం ఇవ్వండి అని జనం అడిగినా ఆయన ఇవ్వలేదు, కూలి కోసం వచ్చారనే మాట రాకూడదని. పని అయిపోయాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మన తాతముత్తాతల విశ్వాసం విషయంలో అంత జాగ్రత్త పడ్డారు, మనం ఒక క్యూఆర్ కోడ్ దగ్గర ఆ జాగ్రత్త వదలొద్దు.

పక్కవాళ్ళ దేవుణ్ణి అనొద్దు

మీరు విడిచిపెట్టిన వాటి గురించి చెప్పేటప్పుడు నోరు జారే ప్రమాదం ఎక్కువ. "నేను ఫలానా మొక్కులు మొక్కాను, నాకు నెమ్మది దొరకలేదు" అనడం మీ అనుభవం. ఆ దేవత ఇట్లాంటిది అట్లాంటిది అనడం తిట్టు. నెల్లూరులో రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు గట్టున లక్షల మంది మతం చూసుకోకుండా రొట్టె మార్చుకుంటారు, వాళ్ళ దగ్గర కూడా ఉద్యోగం వచ్చిన కథ, బిడ్డ పుట్టిన కథ ఉంటాయి, కన్నీళ్ళతోనే చెప్పుకుంటారు. మీ పోస్టు చదివేది వాళ్ళే. రాజ్యాంగం 25వ అధికరణ మన విశ్వాసం గురించి చెప్పుకునే హక్కు ఇచ్చింది. కావాలని ఇంకొకరి మతాన్ని అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షను కింద కేసు అవుతుంది. చట్టం మాట అట్లా ఉంచి, మొదటి పేతురు 3వ అధ్యాయం 15వ వచనం మన నిరీక్షణ గురించి అడిగిన వాళ్లకి సాత్వికంతో జవాబు చెప్పమంటుంది, అది చాలు.

పెట్టిన తర్వాత

తిడతారు. మతం మార్చడానికి డబ్బులు తీసుకున్నావా అంటారు, బియ్యం మూట అంటారు, కులం పేరుతో కూడా అంటారు. టెన్షన్ పడి రాత్రంతా జవాబులు రాస్తా కూర్చోవద్దు. నిజంగా అడిగిన ప్రశ్నకి ఒక్కసారి మర్యాదగా జవాబివ్వండి. తిట్టుని దాచేయండి, కులదూషణ, బెదిరింపు అయితే ముందు స్క్రీన్‌షాట్ తీసి, పెద్దవాళ్లకి చూపించి, పోలీసులకి ఇవ్వండి. మన వాళ్ళు కూడా ఒక్కోసారి మనల్ని వెనకేసుకొస్తూ ఎదుటివాళ్ళని తిడతారు, ఆ కామెంట్లు కూడా తీసేయండి, అవి ఉంచితే మీరు ఒప్పుకున్నట్టే.

అసలు పని మెసేజుల్లో మొదలవుతుంది. అర్ధరాత్రి ఎవరో "అక్కా, నాదీ అదే పరిస్థితి" అని పంపుతారు. వచనం ఒకటి పంపి పడుకోవద్దు. మీ పేరేంటి, ఇప్పుడు పక్కన ఎవరున్నారు అని అడగండి. చచ్చిపోవాలని ఉంది అనే మాట వస్తే వెంటనే ఫోన్ చేసి మాట్లాడండి, వాళ్ళ ఇంట్లో వాళ్ళని లేపమనండి, టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, అది ఉచితం, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఆడపిల్లలకి మగవాళ్ళు, మగపిల్లలకి ఆడవాళ్ళు రాత్రిపూట ఒంటరిగా చాటింగ్‌లు పెట్టుకోకుండా, మర్నాడు పాస్టరు గారికో పాస్టరమ్మగారికో అప్పగించండి.

మా నాన్న ఆ తర్వాత రెండేళ్లకి తనే అడిగాడు, నాది తియ్యమ్మా అని. అరుగు మీద కూర్చుని మూడు నిమిషాలు కూడా చెప్పలేదు. శనివారం వారం కూలి చేతిలో పడ్డాక ఇంటికొచ్చే దారిలో బ్రాందీ షాపు ఉందని, ప్రార్థన చేసుకున్నా ఆ షాపు ముందుకొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయేవని, అందుకని మైలున్నర చుట్టు తిరిగి కాలువ కట్ట మీదుగా నడిచి వచ్చేవాణ్ణని, కట్ట మీద చీకట్లో పాత కీర్తన ఒకటి పాడుకుంటా వచ్చేవాణ్ణని, ఎన్ని శనివారాలు అట్లా నడిచానో లెక్కలేదని చెప్పాడు. అంతే వీడియో. లైకులు పెద్దగా రాలేదు. నెల తర్వాత రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే మనిషి ఒకాయన ఫోన్ చేసి, పెద్దాయన నడిచిన ఆ కట్ట ఏ వైపు నుంచి ఎక్కాలి అని అడిగాడు. నాన్న ఫోన్ తీసుకుని దారి చెప్పాడు, చెప్పి, "శనివారం నేనూ వస్తా, ఆరింటికి తూము దగ్గర ఉండు" అన్నాడు.